కుక్క వాటా

కురుమూర్తి చెప్పే కథలో పంది రోజుకింత పెరుగుతూ వచ్చింది. వేట నుంచి వచ్చిన సాయంత్రం అది మేకపోతంత ఉంది. తెల్లారేసరికి కోడెదూడంత అయింది. ఆ వారం చివర్లో హోటల్ ముందర నిలబడి చెప్పేటప్పటికి దున్నపోతంత అయి, కోరలు మూరెడు సాగాయి. చచ్చి, కూరై, ఊరి కడుపుల్లో అరిగిపోయిన పంది ఇంతగా పెరగడం ఆ ఊరివాళ్ళు అంతకుముందు ఎరగరు. అయినా ఒక్కడూ కాదనలేదు. కాదనాలంటే దాని కూర తిననివాడై ఉండాలి.

పంది పెరుగుతున్నకొద్దీ అఖిల ఇంటి కొట్టంలో, గోనెసంచి మీద పడుకున్న కుక్క మోతి తరుగుతూ వచ్చింది.

అఖిల కురుమూర్తి అన్న లింగయ్య కూతురు. తొమ్మిదో తరగతి. బడిలో హాజరు పిలిచినప్పుడు "ఉన్న సార్" అనడానికి కూడా పక్కన కూర్చున్న పిల్ల మోచేత్తో పొడవాలి. నలుగురు కూర్చున్నచోటికి మంచినీళ్ళు ఇచ్చి రమ్మంటే గ్లాసు అరుగు మీద పెట్టి తిరిగొచ్చేస్తుంది. నోరు లేని పిల్ల అని ఊరు తీర్మానించేసింది. నోరు లేనివాళ్ళకు కళ్ళు కూడా ఉండవని ఊరి నమ్మకం. అందుకని ఆమె ముందర ఎవరూ ఏదీ దాచుకునేవాళ్ళు కాదు. ఆమె చూసేది. చూసి, లోపల ఒక్కొక్కరినీ వరుసగా నిలబెట్టి ఉతికేది. ఆ వరుసలో ఈమధ్య అందరికంటే ముందు నిలబడుతున్నవాడు చిన్నాయన కురుమూర్తే.

బల్మూర్ నుంచి లోపలికి పోయే మట్టిరోడ్డు మీద ఉంది ఆ ఊరు. ఊరి వెనక గుట్టలు, గుట్టల వెనక అడవి. యాసంగి పల్లిచేలు కాయ పట్టే వేళకు అడవిపందులు గుంపులుగా దిగి, ఒక్క పూటలో చేనంతా నాగలితో దున్నినట్టు పెళ్ళగించి పోతాయి. చట్టం ప్రకారం వాటిని చంపకూడదు. చంపకూడదని తెలుసు కాబట్టే ఊరి మగవాళ్ళు ఏడాదికోసారి చడీచప్పుడు లేకుండా వేటకు పోతారు. పోయొచ్చాక మాత్రం ఊరంతా చప్పుడే.

ఆ వేటలో ఒక కట్టుబాటు ఉంది. మాంసాన్ని మోదుగాకుల మీద కుప్పలు పెడతారు. మనిషికొక కుప్ప. పందిని ముందుగా పట్టిన కుక్కకు కూడా ఒక నిండు కుప్ప. ఆ కుప్పను కుక్కగలవాడు ఎత్తుకోవచ్చు. ఎత్తుకున్నవాడే, కుక్కకు దెబ్బ తగిలి ఉంటే, అది లేచి తిరిగేదాకా సాకాలి. ఎప్పటి కట్టుబాటో ఎవరికీ తెలియదు గానీ, కుప్ప ఎత్తుకోవడం వరకు అందరికీ బాగా గుర్తుంటుంది.

మోతి కురుమూర్తి కుక్క కాదు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు కాగులు, బిందెలు, బండి ఇరుసు దాకా పంచుకున్నారు, వాకిట్లో నడుము ఎత్తు గోడ కూడా లేపారు. కుక్కను మాత్రం ఎవరూ అడగలేదు. తిండి పెట్టవలసిన ఆస్తి కనుక అది మెత్తని మనిషైన లింగయ్య వైపు మిగిలిపోయింది. అఖిల దానికి సంకటి ముద్ద పెట్టింది. అదీ ఆమెను బడిదాకా దిగబెట్టి వచ్చేది. వేటపొద్దున కురుమూర్తి గోడ మీద నుంచి వంగి ఈల వేశాడు. ఏ ఈలకైనా తోక ఊపే కుక్క కావడం వల్ల మోతి వెళ్ళింది. తీసుకుపోతానని కురుమూర్తి ఎవరినీ అడగలేదు.

గుట్ట కింద వాగు మలుపులో పంది మర్లబడి మీదికొచ్చింది. బరిసె పట్టుకుని అందరికంటే ముందు నడుస్తున్న కురుమూర్తి, బరిసె అక్కడే పడేసి, దగ్గర్లో ఉన్న చెట్టెక్కాడు. భయంలో చూసుకోలేదు, అది తుమ్మచెట్టు. మోతి మాత్రం వెనక్కి తిరగలేదు. పంది దాన్ని కోరతో ఎత్తి విసిరింది. కుక్క మళ్ళీ పోయి పట్టింది. పంది మళ్ళీ విసిరింది. ఆ సందులో వేటకు పెద్ద అయిన ఎల్లయ్య, మరో ఇద్దరు కలిసి పందిని పొడిచారు.

కుక్క కదలడం లేదు. చచ్చిందనుకున్నారు. చచ్చిందా లేదా అని వంగి చూడటానికి కూడా ఎవరికీ తీరిక లేదు, పందిని మొయ్యాలి కదా. కుప్పలు పెట్టేచోట కురుమూర్తి తన కుప్పతోపాటు కుక్క కుప్పను కూడా ముందుకు లాక్కున్నాడు.

"సచ్చిన కుక్కకు వాటా ఏందిరా?" అన్నాడట ఎల్లయ్య.

"సచ్చింది నా కుక్క. బాధ నాది. వాటా నాది కాదా?" అన్నాడట కురుమూర్తి.

ఇదంతా అఖిలకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. బోరింగు దగ్గర బిందె నిండేంతసేపు నిలబడితే చాలు, ఊరు తనంతట తానే చెప్పుకుంటుంది.

ఆ సాయంత్రం కురుమూర్తి పెళ్ళాం వసంత గోడ మీద నుంచి గిన్నెడు కూర అందించింది.

"మోతి ఏది చిన్నమ్మా?" అని అడిగింది అఖిల, గిన్నె అందుకుంటూ.

"వస్తది తియ్యి. ఎనుక వస్తున్నదంట," అంది వసంత, గిన్నె వంకే చూస్తూ.

లింగయ్య తిన్నాడు. అఖిల తల్లి బుజ్జమ్మ తిన్నది. అఖిల కూడా రెండు ముక్కలు తిన్నది. తెల్లారి వాకిలి ఊడ్వడానికి తలుపు తీసేసరికి మోతి గడప ముందర పడి ఉంది. పక్కటెముకల కింద నుంచి తొడదాకా చర్మం చీరి, తెగిన చెప్పులా వేలాడుతోంది. వాగు నుంచి ఇంటిదాకా కడుపు మీద పాక్కుంటూ వచ్చింది. అఖిలను చూసి తోక ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. అఖిల పెరట్లోకి పరుగెత్తి రెండు ముక్కలూ కక్కుకుంది. కక్కుకుంటే పోతుందా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

బుజ్జమ్మ నోరున్న మనిషి. "ఏమయ్యో మరిదీ!" అని గోడ దగ్గరకు పోయి పిలిచింది. "సచ్చిన కుక్క నడిసొచ్చింది సూడు. కుప్ప ఎత్తినవంట కద, వచ్చి దీన్నిగుడ ఎత్తు."

కురుమూర్తి నడవలేక నడుస్తూ వచ్చాడు. తుమ్మముళ్ళు కూర్చునేచోట దిగాయి.

"నాకుగుడ తాకింది వదినా. పంది కోర. నేనెవరికి చెప్పుకోవాలె?"

"ఎక్కడ తాకింది? సూపియ్యి."

"వదినకు సూపిచ్చే జాగ కాదు."

"పందికి ఎనుక సూపిచ్చినోనికే గాడ తాకుతది," అని బుజ్జమ్మ గోడ మీద నుంచి మొహం తిప్పుకుంది.

ఆ మాటతో కురుమూర్తి సేవ మొదలైంది. సేవ అంటే సలహా. పొద్దున వచ్చి పసుపు, సున్నం కలిపి కొట్టమన్నాడు. మధ్యాహ్నం వచ్చి పొయ్యి బూడిద చల్లమన్నాడు. మర్నాడు కొడవలి ఎర్రగా కాల్చి రెండు వాతలు పెడితే కుక్క లేచి ఉరుకుతుందన్నాడు. తన తాత ఒక ఎద్దుకు అలాగే పెట్టాడట, ఎద్దు లేచిందట. ఆ ఎద్దు లేచి తాతను పొడిచిందన్న సంగతి అఖిల తన అవ్వ నోట విని ఉంది. కొడవలి తీసి గడ్డివాములో దాచేసింది. చిన్నాయన ఇచ్చే సలహాల్లో ఒక్కదానికైనా ఆయన వేలు తడవదు. ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని, గుమ్మం బయటే నిలబడి, ఎవరో ఒకరు చెయ్యవలసిన పనులు వరసగా చెప్పేసి, ఏదీ జరగకపోతే తల ఊపుతూ వెళ్ళిపోయేవాడు.

అఖిల వేపాకు వేసి నీళ్ళు కాచి, ఉప్పు కలిపి, చల్లార్చి గాయం కడిగేది. పాత చీర చింపి, ఉడకబెట్టి, ఆరేసి కప్పేది. ఈగలు వాలకుండా బడి ఎగ్గొట్టి విసనకర్రతో కూర్చునేది. మోతి గంజి నాకేది కాదు. వేలితో నాలుక మీద చుక్క చుక్క రాస్తే మింగేది. కడుగుతున్నప్పుడు ఒక్కసారి నొప్పికి పళ్ళు చెయ్యి మీద ఆనించి, కొరకకుండానే వదిలేసింది. కొరకవలసిన వాళ్ళను వదిలేసి నన్నెందుకే కొరకబోయావు అనుకుంది అఖిల.

కొన్నాళ్ళకు గాయం వాసన కొట్టడం మొదలైంది.

"మండలానికి తీస్కపోవాలె. పశువుల దవాఖానల సూది ఏస్తరు," అంది బుజ్జమ్మ.

ఊళ్ళో ఒకటే ఆటో. బాలరాజుది. బాలరాజుకూ ఒక కుప్ప వచ్చింది. ఆటో రిపేరులో ఉందన్నాడు. అలా అంటున్నప్పుడు ఆటో అతని వెనకాలే బుడబుడలాడుతోంది.

పొద్దు వాలేలోపల ఎల్లయ్య, కురుమూర్తి కలిసి లింగయ్య వాకిట్లోకి వచ్చారు.

"లింగా, జర ఇను," అన్నాడు ఎల్లయ్య. "డాక్టరు ఏం చీరిందని అడుగుతడు. పంది అంటివనుకో, ఫారెస్టోల్లకు ఎరుకైతది. ఒక్క కుక్క కోసం ఊరందరిని టేషన్ల కూసోవెడ్తవా?"

"కంచె అని చెప్తం," అంది బుజ్జమ్మ. "ముండ్ల కంచె గీరిందని చెప్తం."

"డాక్టరు సదువుకున్నోడు. కనిపెడ్తడు," అన్నాడు కురుమూర్తి. "ఊరి ఇజ్జత్ వదినా. నోరు గట్టిగ మూసుకోవాలె అందరం. నన్ను సూడు, నేనెవనికన్న చెప్పిన్నా?"

పొద్దున తారురోడ్డు మీది హోటల్ దగ్గర, సోమశిల పోయే బస్సు ఆగినప్పుడు, కిటికీల్లోంచి తొంగిచూసిన యాత్రికులందరికీ పంది ఎత్తు చేత్తో చూపించింది ఈయనే. అఖిల కొట్టం తడిక సందులోంచి ఆయన వంక చూసింది. ఇంత పెద్ద మనిషి ఇంత కొంచెం మనసుతో ఎలా బతుకుతాడో, లోపల ఖాళీగా ఉన్న చోటల్లా ఏం పెట్టుకుంటాడో ఆమెకు అర్థం కాలేదు.

"నువ్వేమంటవ్ నాయనా?" అన్నట్టు తండ్రి వంక కూడా చూసింది. లింగయ్య నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు.

"పోనీ తియ్యి," అన్నాడు చివరికి. "దానికి ఆయుష్షు ఉంటే బతుకుతది."

ఆ మాట ఆమెకు చిన్నాయన కథలన్నిటికంటే నీచంగా వినిపించింది.

డాక్టరు దగ్గరకు కుక్క పోలేకపోయింది గానీ, ఆ వారంలోనే డాక్టరే ఊరికి వచ్చాడు. పశువులకు గాలికుంటు టీకాలు వేస్తారని ముందురోజే డప్పు కొట్టారు. పొద్దున్నే పంచాయతీ ఆఫీసు ముందర ఎడ్లు, బర్లు, వాటి వెనక ఊరి మగవాళ్ళు. చేనికి కరెంటు వచ్చే వేళ కావడంతో బుజ్జమ్మ బోరు దగ్గరకు పోవాల్సి వచ్చింది.

"నువ్వే చెప్పాలె బిడ్డా," అంది పోతూ పోతూ. "మీ నాయన నోరు ఎడ్ల తాడు పట్టుకునెటందుకే పనికొస్తది."

గోనెసంచి మీద మోతిని పెట్టి, ఒక కొస తండ్రి, ఒక కొస అఖిల పట్టుకుని తీసుకొచ్చారు. గుంపు కనపడగానే లింగయ్య సంచి దించి, ఎడ్లు బెదురుతాయని గొణుగుతూ పక్కకు జరిగిపోయాడు. ఎడ్లు నెమరు వేసుకుంటున్నాయి.

ఎల్లయ్య వంగి మెల్లగా అన్నాడు. "పిల్లా, సార్ అడిగితే ముండ్ల కంచె అను. గంతే. ఎక్కువ మాట్లాడకు."

"అదేం మాట్లాడుతది మామా," నవ్వాడు కురుమూర్తి. "ఇంట్ల పిల్లి పాలు తాగుతుంటెగుడ ఉష్ అననీకె సిగ్గుపడ్తది."

నలుగురు నవ్వారు. అఖిల చెవులు కాలాయి.

డాక్టరు శ్రీనాథ్ చేతులు మడిచిన చొక్కాతో, పొద్దున్నుంచీ బర్ల తోకల దెబ్బలు తిన్న మొహంతో ఉన్నాడు. కుక్కను చూడగానే సూది పక్కన పెట్టి, గుడ్డపేలికతో దాని మూతి కట్టి, గాయం మీది చీరముక్క ఎత్తి చూశాడు.

"గాయం ఎవరు కడుగుతున్నరు?"

నేనే అన్నట్టు అఖిల తల ఊపింది.

"మంచిగ కడిగినవ్. లేకుంటే ఈపాటికి పురుగులు పడుతుండె. ఏం చీరింది?"

"ముండ్ల కంచె సార్!" వెనక నుంచి అయిదారు గొంతులు ఒక్కసారే అన్నాయి.

డాక్టరు తల ఎత్తలేదు. "నేను పిల్లను అడిగిన. చెప్పమ్మా. కంచె అయితే పైపైనే చీరుతది. అంచులు కోసి కుట్లు ఏసి పంపిస్త, అయిపోతది. వేరే ఏదన్న అయితే లోపలికి దిగి ఉంటది. తెల్వక మీద కుట్లేసిననుకో, లోపల చీము కట్టి రెండు దినాల్ల సస్తది. ఏం చీరింది?"

అఖిల చుట్టూ చూసింది. అన్ని మొహాలూ ఆమె మీదే ఉన్నాయి, కోపంగా కూడా కాదు, చెప్పదులే అన్న ధీమాతో. పంది అని చెప్పేయొచ్చు. చెబితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. "పిల్లకేం ఎరుక సార్, అది ఇంట్లనే ఉండె" అని పది నోళ్ళు లేస్తాయి, ఆమె గొంతు ఆ పది నోళ్ళ కింద పడి నలిగిపోతుంది, నాయన ఎడ్ల వైపు చూస్తాడు, డాక్టరు కుట్లు వేస్తాడు. ఆమె మాట ఈ ఊళ్ళో నిలబడదు. నిజం చెప్పకుండా ఆపుకోలేని నోరు ఈ గుంపులో ఒక్కటే ఉంది. దానికి నిజం మీద ప్రేమ లేదు. అయినా పని అవుతుంది.

మోతి కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. అఖిల దాని చెవి మీద చెయ్యి వేసి, నేల వంక చూస్తూ, డాక్టరుకు వినపడేంత మెల్లగా, అయినా అందరికీ వినపడేంతగా అంది.

"పంది పిల్ల సార్. ఊరపంది పిల్ల. గింతే ఉండె. దాన్ని సూసి మా చిన్నాయన జడుసుకొని చెట్టెక్కిండు."

ముందు ఎవడో ఫక్కున నవ్వాడు. వాడి వెనక గుంపంతా నవ్వింది. టీకాల డబ్బా పట్టుకున్న అటెండరు కూడా నవ్వాడు.

"ఏందే!" కురుమూర్తి ముందుకు దూకాడు. మెడ నరాలు లేచాయి. "ఏందే నువ్వనేది? పిల్లనా? ఊరపందా? సార్, గిది పిచ్చిది సార్. దీని మాట ఇనకున్రి. అడివి పంది సార్! గీడిదాక ఉండె," అని తన ఛాతీ మీద చెయ్యి పెట్టి, తక్కువైందనిపించి భుజం దాకా జరిపాడు. "నలుగురం మోసినం సార్, వాసం ఇరిగింది!"

ఎల్లయ్య వెనక నుంచి చొక్కా పట్టి లాగాడు. "ఒరేయ్, నోరు మూయరా..."

"ఉండు మామా, ఇజ్జత్ తీస్తుంటె! నువ్వే బరిసె ఏసినవ్ గద, చెప్పు సార్‌కు! బాలరాజు బండ మీదికెళ్ళి రాయి ఇసిరిండు. కిష్టయ్య తాడు ఏసిండు. గిదో, ఈ వెంకటన్న కాళ్ళు కట్టిండు..." అని గుంపులో వేలుపెట్టి ఒక్కొక్కరినీ చూపించాడు. చూపించినవాడల్లా పక్కవాడి వెనక్కి జరిగాడు. గుంపు మొత్తం రెండడుగులు వెనక్కి పోయింది.

డాక్టరు చేతులు ఆగలేదు. మత్తు సూది వేస్తూ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "కోర ఎటునుంచి కొట్టింది?"

"కిందికెళ్ళి మీదికి లేపింది సార్. లేపి ఇట్ల తిప్పింది. మీదికెళ్ళి నాకు సాఫ్ కనవడ్డది."

"మీదికెళ్ళా?"

చెట్టు మీద నుంచి చూశానని కురుమూర్తి తన నోటితోనే చెప్పేసినట్టయింది. ఈసారి గుంపు నవ్వలేదు, ఇకిలించింది. తన మొహానికి అతుక్కున్న ఆ ఇకిలింపును ఎలా తుడుచుకోవాలో తెలియక ఆయన కూడా కాస్త ఇకిలించాడు.

డాక్టరు వేళ్ళు ఎముకల కింది నుంచి పైకి పోయాయి. అక్కడ చర్మం కింద అరచేతి లోతు సంచిలా ఉంది. దాన్ని కోసి తెరిచాడు. చీము వచ్చింది. చీముతోపాటు మట్టి, విరిగిన పుల్లముక్క, గట్టి నల్ల వెంట్రుకల కుచ్చు వచ్చాయి. ఎర్రమందు నీళ్ళు పోసి కడిగాడు, మళ్ళీ కడిగాడు. పైభాగం కుట్టి, కింద చీము కారడానికి దారి వదిలేశాడు. మోతి ఒళ్ళంతా వణికింది. అఖిల దాని తల ఒళ్ళో పెట్టుకుని, వెంట్రుకల కుచ్చు వంక చూస్తూ కూర్చుంది. కంచె మీద వెంట్రుకలు మొలుస్తాయని ఇప్పుడెవరూ అనలేదు.

చేతులు కడుక్కుంటూ డాక్టరు గుంపు వైపు తిరిగాడు. "పందుల లెక్క నా డ్యూటీ కాదు. నేను పశువుల డాక్టర్ని. కాని ఒక్కటి అడుగుత. ఆ కూర మంచిగ ఉడికిందా? అడివి పందిల పురుగు పిల్లలు ఉంటయి. సగం ఉడికింది తింటే కండలకు ఎక్కుతయి, మెదడుకు ఎక్కుతయి. ఫిట్స్ వస్తయి."

ఆ తర్వాత జరిగింది చూడటానికి అఖిలకు రెండు కళ్ళూ చాల్లేదు. ఫారెస్టోళ్ళ పేరు చెప్పి వారం రోజులు పళ్ళు బిగించిన ఊరు, కడుపులో పురుగు అనగానే డాక్టరు చుట్టూ ముసిరింది.

"సార్, నేను కాళ్ళు కట్టిన గాని రెండే ముక్కలు తిన్న సార్."

"సార్, మా ఇంట్ల మంచిగనే ఉడికింది, కాని కార్జం జర పచ్చిగనే..."

"మూడు దినాలసంది తల నొస్తుంది సార్, గదేనా?"

ఎల్లయ్య అందరినీ తోసుకుని ముందుకొచ్చి, తను తిన్నది ఎంతో, ఏ వేళకో, ఎవరింట్లోనో సాక్షులతో సహా చెప్పాడు. బాలరాజు ఆటో బాగైపోయింది, సాయంత్రమే మనుషుల దవాఖానకు పోదాం ఎక్కమని కేకలు వేశాడు. కుక్క చస్తుందంటే కదలని ఆటో.

"ఒక్కొక్కడు రాండ్రి," అన్నాడు డాక్టరు విసుగ్గా. "ముందు ఈ కుక్క సంగతి. పొద్దున, మాపు గాయం కడగాలె. నీళ్ళు కాచాలె, గుడ్డలు ఉడకబెట్టాలె, చీము పిండాలె. ఈ పిల్ల ఒక్కతితోని కాదు, పట్టుకునే మనిషి ఉండాలె. ఎవరు చేస్తరు?"

లింగయ్య ఎడ్ల వైపు చూశాడు.

"మా చిన్నాయన చేస్తడు సార్," అంది అఖిల. ఒకసారి బయటకు వచ్చిన గొంతు రెండోసారి అంత బరువనిపించలేదు. "కుక్క వాటా ఆయననే ఎత్తిండు."

కురుమూర్తి ఏదో అనబోయాడు. ఎల్లయ్య ఒప్పుకోలేదు. డాక్టరు ముందర తన పేరు, తన బరిసె బయటపెట్టిన నోటి మీద ఆయనకు ఒళ్ళు మండిపోతోంది.

"కట్టుబాటు కట్టుబాటే," అన్నాడు. "కుప్ప తిన్నోడే సాకాలె. ఒక్క పూట తప్పినా వచ్చే వేటకు నువ్వు రానక్కర లేదు. వచ్చినా చెట్టెక్కెటందుకే గద!"

ఆ సాయంత్రం నుంచి కురుమూర్తి రెండు పూటలా గోడ దాటి వచ్చాడు. ముక్కుకు తువ్వాల కట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని మోతి మూతి పట్టుకునేవాడు. మోతి గుర్రుమంటే వదిలేసేవాడు.

"పట్టు చిన్నాయనా."

"కొరుకుతదే."

"మూతి కట్టి ఉంది. కొరకదు."

"కట్టినా సూస్తున్నది సూడు, నా దిక్కే సూస్తున్నది."

"సూడనియ్యి."

చీము గుడ్డలు ఉతకడం ఆయన పని. బావి దగ్గర ఆడవాళ్ళు లేని వేళ చూసి ఉతుకుదామని పోయేవాడు, వాళ్ళు ఆ వేళకే వచ్చేవాళ్ళు. "ఏం కురుమూర్తన్నా, ఎవరి బాలింత గుడ్డలు?" అని అడిగేవాళ్ళు. వసంత గోడ మీద గడ్డం ఆనించి, "నా పురిటికి ఒక్క గుడ్డ పిండని మొగోడు," అని బుజ్జమ్మతో చెప్పి పడీ పడీ నవ్వేది. మునుపు మాటైనా కలవని తోడికోడళ్ళిద్దరికీ ఆ నవ్వు ఒక పనైపోయింది.

చిన్నాయనను చూసి పాపం అనుకోవాలని అఖిల ఒకట్రెండుసార్లు ప్రయత్నించింది. ఆయన నీళ్ళు పోస్తూ పోస్తూనే, దారిన పోయేవాడిని పిలిచి, "డాక్టరు నాకే అప్పజెప్పిండు, వేరేటోని చెయ్యికి ఇయ్యనన్నడు," అని చెప్పేవాడు. ప్రయత్నం అక్కడితో ఆగిపోయేది. సిగ్గు కొందరికి పైపూత లాంటిదని, నీళ్ళు పడితే పోతుందని ఆమె అనుకునేది.

నడిమధ్యలో మోతికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. రెండు రోజులు గంజి ముట్టలేదు. ఆ రెండు రోజులూ కురుమూర్తి గుమ్మంలో నిలబడి, ఎక్కడ పూడ్చాలో చోటు చూపిస్తూ పోయాడు. అఖిల డాక్టరు ఇచ్చిన గోలీలు పెరుగన్నంలో నూరి, వేలితో నాలుక మీద రాస్తూ, ఎప్పటిలాగే ఈగలు తోలుతూ కూర్చుంది. ఈసారి మోతి మింగడమే కాకుండా వేలు కూడా నాకింది. మర్నాడు చీము పలచబడింది. తర్వాత ఆగిపోయింది. గాయం అంచుల నుంచి లేత ఎరుపు కండ లోపలికి పాకుతూ వచ్చింది. మోతి కొట్టంలోకి వచ్చిన కోడిని చూసి, లేవకుండానే ఒకసారి మొరిగింది. ఆ మొరుగు విని బుజ్జమ్మ పొయ్యి దగ్గర నుంచి చీపురు పట్టుకునే పరుగెత్తి వచ్చింది.

ఒక పొద్దున కురుమూర్తి కాగిన నీళ్ళ గిన్నె దించుతుంటే మోతి లేచింది. ముందర కాళ్ళు, తర్వాత నడుము, చివరకు వణుకుతూ వెనక కాళ్ళు. చీరిన వైపు కాలు నేలకు ఆనించలేదు. మూడు కాళ్ళ మీద ఊగుతూ నిలబడింది. పడుతుందేమోనని అఖిల చేతులు చాచింది గానీ ముట్టుకోలేదు.

"సూసినవా!" కురుమూర్తి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. "చెయ్యి అంటే గిట్లుండాలె. నా చెయ్యి మంచిదే. డాక్టరుతోని ఏమయితుండె? అన్నా, ఓ అన్నా! ఇటు రా, నేను లేపిన కుక్కను సూడు!"

లింగయ్య వచ్చి చూసి, తమ్ముడి వంక మెచ్చుకోలుగా తల ఊపాడు. ఎవరైనా గట్టిగా చెబితే ఆయన దేనికైనా తల ఊపుతాడు.

"చిన్నాయనా," అంది అఖిల.

"ఏందే?"

"రేపటిసంది నువ్వు రాకు."

గొంతు పెద్దది చెయ్యలేదు. ఆయనకు వినపడింది. మొహంలో వెలుగు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వెళ్ళిపోవచ్చు అంటే ఎగిరి గంతేస్తాడనుకుంది ఆమె. ఆయన మాత్రం ఇల్లు లాక్కున్నట్టు చూశాడు.

"అదేంది? ఇంక కుట్లు ఇప్పాలె గద. నేను పట్టుకోకుంటె ఎవరు పట్టుకుంటరు?"

"అది నిలవడ్డది. ఇంక దాన్ని ఎవరు పట్టుకోనక్కర లేదు."

"అన్నా, సూడు నీ బిడ్డ మాట..."

లింగయ్య కూతురి వంక చూశాడు. ఈసారి తల ఏ వైపు ఊపాలో తెలియక అలాగే నిలబడ్డాడు. కురుమూర్తి గిన్నె అక్కడే వదిలేసి, గోడ దాటి వెళ్ళిపోయాడు. అవతలి వాకిట్లో వసంతకు ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు అప్పుడే పుంజుకుంటోంది.

అఖిల తడిక దగ్గరకు వేసింది. మోతి రెండడుగులు వేసి, ఆగి, చెవులు రిక్కించి, తూలుతూ మూడో అడుగు వేసింది. మందు డబ్బా మూత తీసి, మోతి తనంతట తానే దగ్గరకు వచ్చేదాకా ఆమె కదలకుండా కూర్చుంది.